జనంలో కూర్చున్న గొంతు

ఆగండి, ఎక్కడికీ పోకండి, పక్కవాళ్లను కూడా కాసేపు ఊరుకోమనండి, చెవి ఇటు పెట్టండి, ఎందుకంటే జగిత్యాలలోని ఈ ఫంక్షన్ హాల్లో ఇంకాసేపట్లో ఒక పిల్ల పాట ఎత్తుకోబోతోంది, ఆ పిల్ల పేరు కల్యాణి, ఈ ఊళ్లోనే హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది, గోడవారగా కూలర్ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని రుమాలుతో మెడ తుడుచుకుంటున్న మనిషి వాళ్ల నాన్న పరశురాములు, సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లిలో సాంచలు నడుపుతాడు, సాంచలంటే మరమగ్గాలు, పొద్దున్నే బస్సెక్కి వేములవాడలో ఇంకో బస్సు మారి, రాష్ట్రం వచ్చిన రోజు పండుగకి కూతురి పాట విందామని వచ్చాడు, అందరూ అనుకుంటున్నది అదే, కానీ ఆయన వేదిక వైపు చూడటమే లేదు, వేదిక ముందు ఎర్ర సోఫాలో కూర్చున్న జలపతి తలకాయని వెనక నుంచి చూస్తున్నాడు, ఆ తలకి రంగేసి ఉంది, నల్లగా నిగనిగలాడుతోంది, చెవుల దగ్గర ఒక్క తెల్ల వెంట్రుక కనపడకుండా వేయించుకున్నాడు, ఎక్కడ వేయించుకుంటాడో, ఎవరు వేస్తారో, తనకైతే మీసం కూడా నెరిసిపోయింది, జలపతి తనకంటే రెండు మూడేళ్లు చిన్న, అంతే, చూసేవాళ్లకి మాత్రం తను వాడికి బాబాయిలా కనిపిస్తాడు.

వాడి భుజం మీద శాలువా. ఇంత ఉక్కపోతలో శాలువా ఎవడైనా ఉంచుకుంటాడా, కప్పినవాళ్లు కప్పాక తీసి మడిచి పక్కన పెట్టాలి కదా, పెట్టడు, కెమెరాలున్నంతసేపూ ఉంచుకుంటాడు, చెమట కారినా సరే ఉంచుకుంటాడు, అని పరశురాములు అనుకుంటాడు, అనుకున్న వెంటనే తన భుజం మీద ఏమీ లేదన్న సంగతి తన భుజానికే తెలిసినట్టు అక్కడ దురద పెడుతుంది, గోక్కుంటాడు. ఇందాక కల్యాణి వచ్చింది, రాలేదని కాదు, "బాపూ, తిన్నవా? నీళ్లున్నయా?" అని అడిగి చేతిలో చల్లటి సీసా పెట్టి వెళ్లింది, ఆయన మనసు చల్లబడింది కూడా, కానీ అటు నుంచి అటే సోఫా దగ్గరికి వెళ్లి జలపతి కాళ్లకి వంగింది, వాడు తల మీద చెయ్యి పెట్టి చుట్టూ ఉన్నవాళ్లతో "మా కల్యాణి, మా పిల్ల" అన్నాడు, మా అట, మా పిల్ల అట, చిన్నప్పుడు జ్వరమొస్తే సాంచల రొద లేకపోతే నిద్రపోదని రాత్రంతా ఒక్క సాంచ ఉత్తగా నడిపిన వాళ్లెవరు, వాడా? తనకైతే ఎప్పుడూ వంగలేదు, నాన్నలకి ఎవరు వంగుతారు, సీసా ఇస్తారు, తిన్నావా అంటారు.

ఎలా వెళ్లింది ఈ పిల్ల వాడి దగ్గరికి? వాడు సర్కారు కొలువులో కళాకారుడు, పండుగలకీ పథకాలకీ ఊరూరా పాడతాడు, కాలేజీకి వచ్చి పాటలు నేర్పుతానన్నాడు, నలుగురైదుగురు చేరారు, అందులో ఈమె ఒకతి, అంతే, దాచిపెట్టి చేసిందేమీ లేదు, మొదటి రోజే ఫోన్ చేసింది, "బాపూ, జల్పతి సారు! ధూంధాంల పాడిన జల్పతి సారు! నీకు ఎర్కేనా?" అని గొంతంతా నవ్వుతో అడిగింది, ఎరుకేనా అని, ధూంధాం అంటే తెలంగాణ ఉద్యమపు పాటల సభ, ఆయన సాంచ ఆపి, దూది ధూళి గొంతుకు అడ్డం పడిందని దగ్గి, "ఆఁ, పేరు ఇన్న బిడ్డా" అన్నాడు. పేరు విన్నాడట. ఎందుకలా అన్నాడో ఆయనకే తెలీదు. అన్నాక ఇక వెనక్కి తీసుకోవడం కుదరలేదు. రోజులు గడిచిన కొద్దీ ఫోన్లో ఆమె మాటల నిండా వాడే, సారు గిట్లన్నడు, సారు గట్ల జెప్పిండు, సారు మైకు గిట్ల పట్టుకుంటడు, మొన్నటికి మొన్న, "బాపూ, సారుది ఒక ఇగురం ఉన్నది తెల్సా, చరణం ఆఖర్ల సగం లైను పాడి ఆగాలె, సగం గాలిల ఇడ్శిపెట్టాలె, పాట నిజమైందైతే మిగిలిన సగం జనమే ఎత్తుకుంటరట. గా దినాలల్ల సారు పాడుతుంటే ఎప్పుడు ఎత్తుకోకుండ లేరంట బాపూ, ఒక్క ఊర్ల గూడ!" అంది. పరశురాములు ఫోన్ని చెవికి ఇంకా గట్టిగా ఆనించుకుని, "అట్లనా" అన్నాడు. ఆ సాయంత్రం నేతలో పోగులు తెగుతూనే ఉన్నాయి, నూలిచ్చే సేటు తిట్టాడు.

ఇగురమట, ఒడుపట, ఒక్క ఊళ్లో కూడా ఎత్తుకోకుండా లేరట. కోరుట్లలో ఎత్తుకోలేదు కదరా జల్పతీ, కోరుట్ల బస్టాండు దగ్గర లారీ మీద నిలబడి నువ్వు ఆ సగం లైను గాలిలో వదిలితే ఒక్కడు నోరు విప్పలేదు కదా, కిందికి చూసి మింగావు కదా ఉమ్ము, నేను చూశాను, నేను ఆ రోజు మా మేనత్త ఇంటికి వచ్చి బస్సు కోసం నిలబడ్డ మనిషిని, నాకు నువ్వెవరో తెలీదు, నీకు నేనెవరో తెలీదు, ఆ నిశ్శబ్దాన్ని చూడలేక నా నోరు దానంతట అదే తెరుచుకుంది. పాట వాడిదే, అందులో అబద్ధం లేదు, రాసింది వాడే, కట్టింది వాడే, "మబ్బుకు పహరా ఎవడేసిండే, వానకు పట్టా ఎవడిచ్చిండే, మా చెల్కల పడేదాకా..." అక్కడ ఆగాడు వాడు, ఆ ఆగిన చోట పరశురాములు, పక్కన అరటిపండ్ల బండి, ఇంకో పక్క పాల క్యాన్లు, "ఇంటికి పోమే... పోమే!" అన్నాడు, ఆ మాట అనేసరికి పండ్ల బండివాడు అన్నాడు, తర్వాత బీడీలు చుట్టే ఆడవాళ్ల గుంపు అంది, తర్వాత బస్సు దిగుతున్నవాళ్లు అన్నారు, కోరుట్ల బస్టాండంతా ఇంటికి పోమని అరిచింది, ఇంటికి పోవడానికి బస్సు కోసం నిలబడ్డవాళ్లే అరిచారు, అది తలుచుకుంటే ఇప్పటికీ ఒంటి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి, ఇదిగో ఇప్పుడు ఈ కూలర్ గాలిలో కూడా.

లారీ దిగి వాడే వెతుక్కుంటూ వచ్చాడు, చేతులు పట్టుకున్నాడు, "అన్నా, నువ్వు మా ఎంబడి తిరుగాలె. కని స్టేజీ మీద గాదు, జనంలనే కూసోవాలె" అన్నాడు. అప్పుడు ఎంత గర్వం, స్టేజీ మీద అందరూ ఉంటారు, జనంలో కూర్చునేది తనొక్కడే. ఆ పని ఆషామాషీ పని కాదు, చేసినవాడికి తెలుసు, ముందు వరసలో కూర్చోకూడదు, మరీ వెనక కూర్చోకూడదు, ముసలివాళ్లూ ఆడవాళ్లూ కలిసి కూర్చున్న చోటు చూసుకోవాలి, లైను గాలిలో ఉన్నప్పుడు వెంటనే అందుకోకూడదు, జనానికి కాస్త దాహం వేయనివ్వాలి, అన్నిటికంటే పెద్ద సంగతి, బాగా పాడకూడదు, బాగా పాడితే జనం తిరిగి చూసి వింటారు, విన్నవాళ్లు పాడరు, కొంచెం గొంతు పగిలినట్టు, కొంచెం శ్రుతి కిందికి జారినట్టు పాడితే, నాలాంటి వాడే పాడుతున్నాడు కదా నాకేంటి అని పక్కవాడు నోరు తెరుస్తాడు. తన గొంతు మంచి గొంతు. భజనల్లో పెద్దవాళ్లు మెచ్చుకున్న గొంతు. దాన్ని ఊరూరా కావాలని చెడగొట్టుకుంటూ తిరిగాడు, పెగడపల్లిలో మేకలు కొనడానికి వచ్చినవాడిలా కూర్చున్నాడు, జలపతి సొంతూరు వెల్గటూర్‌లో పెళ్లికి వచ్చిన చుట్టంలా కూర్చున్నాడు, "జనం మాకు మేమే ఎత్తుకున్నం అనుకోవాలె అన్నా, నువ్వు ఎత్తిచ్చినవని తెలిస్తే పాట సచ్చిపోతది, ఎవ్వలకు జెప్పకు" అంటే డప్పు మీద చెయ్యేసి ఒట్టు పెట్టాడు. జనం పాడింది అబద్ధం కాదు, ఆ కోపం వాళ్లదే, ఆ మెట్ట చెలకలు వాళ్లవే, తను తలుపు గడియ తీశాడంతే, కానీ గడియ తీసిన చేయి ఎవరిదో ఒకరిది ఉంటుంది కదా!

చెప్పలేదు, ఇంట్లో కూడా చెప్పలేదు. భార్య శ్రీలతకి తెలిసిందల్లా మొగుడు సాంచలు బందు పెట్టి మీటింగులకి పోయి జనంలో కూర్చుని పాటలు విని వస్తాడని, "మంది పాటలు గట్టిరి, మంది కొలువులు దెచ్చుకునిరి, నువ్వు ఇనుకుంట ఇనుకుంట తిరిగి ఏం దెచ్చినవయ్యా, చెవులు నొప్పులు దెచ్చినవ్" అని ఇప్పటికీ అంటుంది, అన్నప్పుడల్లా నవ్వి ఊరుకుంటాడు, ఆ నవ్వు లోపల ఎంత పుల్లగా ఉంటుందో ఎవరికి తెలుసు. రాష్ట్రం వచ్చాక కళాకారులకి కొలువులిస్తున్నారంటే ఒకసారి పోయాడు, వద్దు వద్దనుకుంటూనే పోయాడు, అక్కడ కూర్చున్న సారు "ఎక్కడ పాడినవ్, ఫోటో ఉన్నదా?" అన్నాడు, పేపర్లో వచ్చిన కోరుట్ల ఫోటో చూపించాడు, లారీ మీద జలపతి ఇంత పెద్దగా, "నువ్వేడున్నవ్?" అంటే వేలు పెట్టి చూపించాడు, పిడికిళ్లెత్తిన జనంలో చింతగింజంత తలకాయ, "గిది నేనే సార్", ఆ సారు చెడ్డవాడు కాదు, నవ్వాపుకోవడానికి పాపం చాలా ప్రయత్నించాడు. బయటికొచ్చి చాయ్ తాగుతుంటే జలపతికి కొలువొచ్చిందని తెలిసింది. సంతోషమేసింది. నిజంగానే సంతోషమేసింది, చాయ్ సగం తాగేదాకా. మిగతా సగం తాగలేక పారబోశాడు. జలపతి తర్వాత రెండు మూడుసార్లు ఫోన్ చేశాడు, ఎత్తలేదు, ఎత్తలేదన్న సంగతి కూడా తనకే కోపంగా ఉంది, ఇంకోసారి చేయొచ్చు కదా, నాలుగోసారి చేస్తే ఎత్తేవాడేమో, చేయలేదు, అంత పెద్ద మనిషయ్యాడు, ఎందుకు చేస్తాడు.

"అన్నా, జర కాళ్లు తీయవా," అంటూ పక్క కుర్చీలోకి ఒకావిడ వచ్చి కూర్చుంది, నడివయసు దాటింది, వేళ్ల చివర్లు బీడీ ఆకు రాసుకుని నల్లబడ్డాయి, "మాది కోరుట్ల, నన్ను సారక్క అంటరు, మా చెల్లె మనుమరాలు డ్యాన్సు చేస్తది, అయిపోయిందా ఏంది?" అని అడిగింది, కాలేదని తలూపాడు, ఏ ఊరన్నా అంటే సిరిసిల్ల దిక్కన్నాడు, అప్పటికే డప్పు మొదలైంది, కల్యాణి మైకు ముందుకు వచ్చింది, మైకుని రెండు వేళ్లతో కిందికి వంచి, ఎడమ చేయి పక్కకి చాచి, అచ్చం వాడిలాగే, ఆ చేయి చాచడం వాడిదే, మెడ అలా ఒక పక్కకి వాల్చడం వాడిదే, నా బిడ్డ ఒంట్లో వాడు ఎక్కడెక్కడ దూరాడో చూడు, అని పరశురాములు కుర్చీలో ముందుకు జరిగాడు, అయినా ఆ గొంతు, అబ్బ, ఎంత గొంతు అది, ఆ దిటవు మాత్రం వాడిది కాదు, ఆ దిటవు మా అమ్మది, నాది. "నాకు గీ పాట చిన్నప్పటి నుంచే ఎర్క బాపూ, జల్పతి సారు గొంతు నా చెవులల్లనే ఉన్నది" అంది మొన్న ఫోన్లో. సకల జనుల సమ్మె అప్పుడు సిరిసిల్ల మీటింగుకి ఎత్తుకుని తీసుకెళ్లాడు, ఒళ్లో నిద్రపోయింది, చెవి తన ఛాతీకి ఆనించి, ఆ ఛాతీలోంచే లేచింది కదా ఇంటికి పోమే అన్న మాట, పిల్ల ఉలిక్కిపడి లేచి తన గడ్డం చూసింది, మళ్లీ నిద్రపోయింది, ఆ చెవుల్లో ఉన్నది వాడి గొంతు అంటుందా, ఎలా అంటుంది, కళ్లతో చూసిందే చెవుల్లో ఉన్నదని అనుకుంటారేమో మనుషులు.

"...మా చెల్కల పడేదాకా..." అని ఆగింది కల్యాణి.

గాలిలో వదిలింది. చాచిన చేయి జనం వైపు తిప్పింది. కూలర్ బరబరమంటోంది, ముందు వరసలో ఎవరిదో ఫోను మోగింది, వేదిక మీద ప్లాస్టిక్ పూలు ఫ్యాన్ గాలికి ఊగాయి, అందరూ బాగానే చూస్తున్నారు, ఫోన్లెత్తి వీడియో తీస్తున్నారు, నోరు తెరిచినవాడు ఒక్కడు లేడు, చరణమెత్తి పాడమని ఈ తరానికి ఎవరు చెప్పారు, వినమనే కదా చెప్పారు. పరశురాములు ఊపిరి నిండుగా తీసుకున్నాడు, నాలుక మీద మాట ఉంది, దాహం వేయించాల్సినంతసేపూ వేయించాడు, ఇక ఎత్తాలి, ఎత్తలేదు. ఎత్తలేదు ఆయన. పళ్లు బిగించాడు. చూడనీ. వాడు చూడనీ, జనం వాళ్లంతట వాళ్లే ఎత్తుకుంటారన్నాడు కదా, ఎత్తుకోమను, నిజమైన పాటను ఎత్తుకోకుండా ఉండరన్నాడు కదా, ఆ సోఫాలో కూర్చుని వినమను ఈ కూలర్ చప్పుడు. ఒక్క క్షణం, ఎంత తియ్యగా ఉందో ఆ క్షణం, జలపతి భుజాలు శాలువా కింద బిగుసుకోవడం వెనక నుంచి కనిపించింది, కడుపులో మంట మీద నీళ్లు పోసినట్టే ఉంది, అంతలో కల్యాణి ముఖం కనిపించింది. నవ్వుతోంది ఇంకా, కానీ ఆ నవ్వు నిలబెట్టిన నవ్వు, చిన్నప్పుడు పడి మోకాలు కొట్టుకుపోయినప్పుడు ఏడవకుండా నవ్వేది, అదే. చేయి మెల్లగా దించుకుంది. రెండో చరణం ఎత్తుకుంది, గొంతు ఇందాకటి చోట లేదు.

"గీ పోరి నడుమ ఆగుతదేంది, మర్శిపోయిందా?" అంది సారక్క.

"మర్శిపోలె అక్కా."

"మరేంది?"

"మనల్ని పాడుమంటుంది."

"మనల్నా!" అని సారక్క బుగ్గ మీద వేలేసుకుంది, "మరి జెప్పొద్దా ముందుగాల, మనకేమన్న కలొచ్చిందా? నువ్వే పాడరాదు, గొంతు పట్టుకొని కూసున్నవ్."

నిజమే, చేయి గొంతు మీదే ఉంది. తీసేశాడు. రెండో చరణం అయిపోవస్తోంది, ఈసారి ఎత్తుతాను, కచ్చితంగా ఎత్తుతాను, వాడికి పేరొస్తే రానీ, "చూసిన్రా, సారు నేర్పిన ఇగురం" అంటారు, అననీ, నా బిడ్డ ఇట్లా నవ్వకూడదు, ఎత్తుతాను, అని అనుకుంటూనే మళ్లీ లోపల ఇంకొకటి, ఎత్తితే సాయంత్రం ఫోన్ చేసి చెబుతుంది, బాపూ సారు చెప్పింది నిజమే, జనం ఎత్తుకున్నరు, అని, ఆ మాట వినాలి తను, విని అట్లనా అనాలి, జీవితమంతా అట్లనా అంటూనే ఉండాలి. డప్పు దగ్గరపడింది. కల్యాణి "మా చెల్కల" అనబోతుండగా సోఫాలోంచి జలపతి లేచాడు, పక్కన ఉన్న మైకు అందుకున్నాడు, "ఒక్క నిమిషం బిడ్డా" అన్నాడు. పాట ఆగింది, డప్పు మాత్రం మెల్లగా నడుస్తోంది. వాడు జనం వైపు తిరిగాడు, ఇన్నేళ్లకి ఇప్పుడు చూశాడు పరశురాములు ఆ ముఖాన్ని ఎదురుగా, రంగు జుట్టు కింద ముఖం ముసలిదైపోయింది.

"గీ పాట రాసింది నేనే, కని గీ పాటను నిలబెట్టింది నేను గాదు," అన్నాడు జలపతి. "గా దినాలల్ల మా ఎంబడి ఒక మనిషి తిరిగిండు. స్టేజీ ఎక్కలె, ఫోటో దిగలె, మీ అసొంటోళ్ల నడుమ కూసొని సగం పాట ఎత్తిండు. మందికి జెప్పొద్దని ఒట్టు పెట్టిచ్చుకున్న నేను. గిన్నేండ్లు ఆ పేరు నేనే తిన్న. ఆయన ఇయ్యాల ఈడనే ఉన్నడు, గీ పిల్ల నాయిన పేరు జెప్పిన్నాడే నాకు ఎర్కైంది, కన్నబిడ్డ పాడుతుంటే రాకుండ ఉంటడా. పరశన్నా! సిరిసిల్ల పరశురాములన్నా! ఒక్కసారి లేచి నిలబడే. జనం జూడాలె నిన్ను."

హాలంతా ఒక్కసారి గుసగుసలు, ఎవరు, ఎవరట, తలలు అటూ ఇటూ తిరిగాయి, వీడియో తీస్తున్న ఫోన్లు వేదిక మీద నుంచి జనం మీదికి మళ్లాయి. పరశురాములు కాళ్లు దగ్గరికి లాక్కున్నాడు. ఇదే కదా, ఇన్నేళ్లు సాంచ ముందు నిలబడి కన్న కల ఇదే కదా, తన పేరు, మైకులో, ఊరి పేరుతో సహా, శ్రీలత వినాల్సిన మాట, ఆ కొలువు సారు వినాల్సిన మాట, లే, లేచి నిలబడు, అని కాళ్లు అంటున్నాయి, కానీ చూడు, ఈ మాట కూడా వాడే చెప్పాలా, ఇవ్వడం కూడా వాడి చేతిలోనే ఉందా, ఇచ్చి కూడా వాడే గొప్పవాడవుతాడు, పేపర్లో రేపు జలపతి పెద్ద మనసు అని వస్తుంది, పక్కన తన ఫోటో ఈసారి చింతపండంత. అయినా సరే, కావాలి, ఇన్నేళ్లకి దొరికింది, కావాలి. కుర్చీ చేతులు పట్టుకున్నాడు. పట్టుకుని వేదిక వైపు చూశాడు.

కల్యాణి వైపు ఇప్పుడు ఎవరూ చూడటం లేదు. మైకు ముందు ఒక్కతే నిలబడి ఉంది, జలపతిని చూసింది, జనాన్ని చూసింది, పెదవులు "బాపు?" అన్నట్టు కదిలాయి, ఆ పెదవుల మీద ఏముందో ఇంత దూరం నుంచి తెలియలేదు, సంతోషమో, ఇన్నేళ్లు నాకు చెప్పలేదేమన్న నొప్పో, నా పాట మధ్యలో ఇదేంటన్న ఏడుపో. తను లేస్తే ఆమె పక్కకి జరుగుతుంది, తనకు తెలుసు, మంచి పిల్ల, చప్పట్లు కొట్టి మైకు తన చేతికే ఇస్తుంది, శాలువా తెస్తారు, ఫోటోలు, మూడో చరణం ఎవరికీ గుర్తుండదు. పైగా పేరున్న మనిషి లేచి నిలబడి ఎత్తితే జనం చప్పట్లు కొడతారు, పాడరు, ఆ సంగతి ఈ హాల్లో తనకంటే బాగా ఎవరికి తెలుసు.

"ఎవలో పరశన్నంట, పాపం గంత చేసిండంట," అంది సారక్క అతని మోచేయి పొడిచి, "నువ్వు సిరిసిల్ల దిక్కోనివే గదా, నీకు ఎర్కేనా ఆయన?"

ఆయన సారక్క వైపు తిరిగాడు, అప్పుడే కల్యాణి ఎవరి కోసమూ ఆగకుండా, జలపతి ఇంకా మైకు పట్టుకుని వెతుకుతూనే ఉండగా, కళ్లు మూసుకుని పాట అందుకుంది, ఈసారి చేయి చాచలేదు, మెడ వాల్చలేదు, వాడిలా ఏదీ చేయలేదు, ఊరికే నిలబడి, కొంచెం గొంతు పగిలినట్టుగా, "మా చెల్కల పడేదాకా..." అని సగం పాడి వదిలేసింది. వేదిక మీద కూతురు, సోఫా ముందు మైకుతో వాడు, పక్కన జవాబు కోసం చూస్తున్న సారక్క, కుర్చీ చేతుల మీద బిగిసిన పరశురాముల వేళ్లు. లేస్తే హాలంతా ఇటే చూస్తుంది, ఇక జన్మలో ఎవరూ ఆయన్ని నువ్వేడున్నవ్ అని అడగరు. కూర్చునే, తల వంచుకునే ఎత్తితే సారక్క ఎత్తుతుంది, వెనక వరస ఎత్తుతుంది, ఆ పిల్ల కళ్లు తెరిచేసరికి హాలంతా ఆమెదై ఉంటుంది, ఎవరెత్తారో మాత్రం ఆమెకి కూడా తెలియదు. మీరే ఆ కుర్చీలో ఉంటే, అంతగా కుళ్లిపోయిన ఆ కడుపుతోనే ఉంటే, ఏం చేస్తారు?